ఆవగింజ కంటె చిన్న గురి

పిల్లలూ! మన సీతాఫల్‌మండికి పేరిచ్చిన పండు మీకందరికీ తెలుసు గదా. ఆ పండులోని నల్లని గింజ నొకదానిని గోడకు అంటించి, పది మీటర్ల దూరం నుంచి చూడండి. దానిని పోల్చుకోవటమే కష్టం. ఒలింపిక్ క్రీడలలో ఎయిర్ రైఫిల్ పోటీకి దిగేవారు కొట్టవలసిన నడిమి చుక్క, ఆ గింజ కంటె ఎంతో చిన్నది. దాని అడ్డుకొలత అర మిల్లీమీటరే. అంటే ఆవగింజ కంటె కూడా చిన్నదన్న మాట!

ఈ తుపాకిలో మందుగుండు ఉండదు. బిగించి ఉంచిన గాలి, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును ముందుకు తోస్తుంది. గుండు అంచు నడిమి చుక్కను తాకితే పది పాయింట్లు. చుట్టూ ఉన్న వలయాలలో, వెలుపలికి జరిగినకొద్దీ ఒక్కొక్క పాయింటు తగ్గుతుంది. వలయానికీ వలయానికీ మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. తుపాకి పొడవు ఒక మీటరు అనుకోండి. గురి పది మీటర్ల దూరాన ఉన్నది. తుపాకి కొన పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు ఎంత పక్కకు పోతుంది? దాదాపు పది రెట్లు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు! ఒక వలయం దాటిపోయినట్లే. సరూప త్రిభుజాలు చదివినవారు బొమ్మ గీసి సరిచూసుకోవచ్చు.

మరి కొన ఎందుకు కదులుతుంది? మీటరు కర్ర నొకదానిని చేత పట్టుకుని, దాని కొనను గోడమీది గీతకు ఎదురుగా నిలపండి. ఊపిరి పీల్చినప్పుడు కొన ఒక పక్కకు, విడిచినప్పుడు మరొక పక్కకు పోతుంది. గుండె కొట్టుకోవటం కూడా దానిని కదిలిస్తుంది. అందుకే షూటర్లు ఊపిరిని కొంత విడిచి, క్షణకాలం నిలిపి, మీటను మెల్లగా నొక్కుతారు.

చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఈ విద్యలో ఆరితేరినవాడు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆయన 600కు 595 పాయింట్లు తెచ్చుకున్నాడు. అయినా, పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు ముందో తేల్చే నిబంధన వల్ల ఫైనలుకు చేరలేకపోయాడు. ఆ పోటీలోనే మన దేశపు అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. నారంగ్ నిరాశపడి తుపాకిని మూలన పెట్టలేదు. 2012లో లండన్‌లో 598 పాయింట్లు సాధించి ఫైనలుకు చేరాడు. ఫైనలులో ఒక్కొక్క గుండుకు పాయింట్లను పదో వంతుల దాకా లెక్కిస్తారు. అన్నిటి కంటె మంచి గురికి 10.9. అక్కడ 103.1 కలిపి, మొత్తం 701.1తో కాంస్యం అందుకున్నాడు. రజతం గెలిచిన ఇటలీ షూటరు పాయింట్లు 701.5. తేడా పాయింటులో సగం కూడా లేదు!

ఆయన తరువాత హైదరాబాదు పేరు నిలిపినది ఈషా సింగ్. 2018లో, పదమూడేళ్ళ వయసుకే, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెకు పతకం రాలేదు. మరుసటి ఏడే, చైనాలోని నింగ్బోలో జరిగిన ప్రపంచ కప్ పోటీలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ స్వర్ణం సాధించింది.

ఒక్క మాట. గాలి తుపాకి ఆటబొమ్మ కాదు. దాని గుండు కంటికి తగిలితే చూపు పోవచ్చు. నేర్చుకో దలచినవారు పెద్దల అనుమతితో, షూటింగ్ రేంజిలో, శిక్షకుని ఎదుటనే నేర్చుకోవాలి. తుపాకి ఖాళీగా ఉన్నా మనిషి వైపు చూపరాదు. ఈ విద్యలో మొదటి పాఠం అదే. అంతవరకు మీటరు కర్ర పట్టుకుని, కొన కదలకుండా ఎంతసేపు నిలువగలరో లెక్కపెట్టి చూడండి.