మతిమరుపు రక్తపరీక్ష – గొట్టంలో గడిచే గంటలు

"నాన్నగారికి మతిమరుపు ఎక్కువైందండీ. ఇప్పుడు రక్తపరీక్షతోనే తెలిసిపోతుందట గదా?" అని చాలామంది అడుగుతున్నారు.

నిజమే. అల్జీమర్స్ జాడ పట్టే రక్తపరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మే నెలలో మొదటిసారి అనుమతి ఇచ్చింది. అదీ 55 ఏళ్ళు దాటి, మతిమరుపు లక్షణాలు కనిపిస్తున్నవారికే. రక్తంలోని పి-టౌ 217, అమిలాయిడ్ బీటా 42 అనే ప్రొటీన్ల నిష్పత్తిని ఇందులో చూస్తారు. వెన్నునీరు తీయడంకన్నా ఇది ఎంతో తేలిక.

చిక్కంతా రక్తం తీసిన తరువాతే. జబ్బు ఉన్నవారిలో అమిలాయిడ్ బీటా 42 తగ్గి ఉంటుంది. కాని ఆరోగ్యవంతుల రక్తమైనా గది వేడిలో గంటల తరబడి గొట్టంలో ఉండిపోతే అది దానంతట అదే తరిగిపోతుంది. అప్పుడు యంత్రం లేని జబ్బును చూపవచ్చు. పి-టౌ మాత్రం కొంచెం మొండిది, అంత త్వరగా చెడదు.

అందుకే ఊదారంగు మూత గొట్టంలోకి రక్తం తీసి, కుదపకుండా మెల్లగా తిరగేస్తారు. సుమారు రెండు గంటల లోపే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన పసుపుపచ్చని ప్లాస్మాను చిన్న గొట్టాల్లోకి తీసి మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టిస్తారు. ఇంట్లో ఫ్రిజ్ దీనికి చాలదు. కరెంటు పోయి కరిగి, మళ్ళీ గడ్డకడితే మరీ నష్టం. వేరుచేయని రక్తాన్ని గడ్డకట్టిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. రక్తం గొట్టాన్ని సంచిలో వేసి బస్సులో పట్నం పంపే పద్ధతి ఈ పరీక్షకు పనికిరాదు. (షుగరు పరీక్షకే అది మంచిది కాదనుకోండి!)

కాబట్టి రక్తం ఇచ్చేముందు మొహమాటపడకుండా అడగండి: ప్లాస్మా ఇక్కడే వేరుచేస్తారా? ఐసు పెట్టె ఎప్పుడు బయలుదేరుతుంది? శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ ఆదివారమంతా ఎక్కడ ఉంటుంది?

ఇంకొకటి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పి-టౌ 217 పెరిగి కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు విస్తారంగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంవంటి చోట్ల క్రియాటినిన్ చూడకుండా ఈ ఫలితాన్ని నమ్మడం పొరపాటు.

పసిపిల్లల మడమనుండి తీసిన రక్తపు చుక్కను కాగితంపై ఆరబెట్టి పరీక్షించే పద్ధతిని 1960లలో రాబర్ట్ గుత్రీ తెచ్చారు. అదే దారిలో పి-టౌ 217 కొలవాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. అది కుదిరితే మన పల్లెలకు ఐసు పెట్టె బెడద తప్పుతుంది.

ఈలోగా పెద్దవాళ్ళకు ముందు విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వాటి లోపంవల్ల వచ్చే మతిమరుపుకు మందు ఉంది. ఆ పరీక్షలకు ఖర్చూ తక్కువే, మైనస్ 80 ఫ్రీజరూ అక్కరలేదు.