పీహెచ్‌పీ వెర్షన్ ఎప్పుడు మార్చాలి? తొందరొద్దు, బద్ధకం అసలే వద్దు

"హోస్టింగ్ వాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది, పీహెచ్‌పీ పాతదైపోయింది, అప్‌డేట్ చేయమంటున్నారు. చేస్తే సైట్ పోతుందా?" ఈ డౌట్ చాలామందికి ఉంటుంది. ఈ రోజు అదే చూద్దాం.

ముందు సింపుల్‌గా చెప్తాను. మీ వర్డ్‌ప్రెస్ సైట్‌ని ఎవరైనా ఫోన్‌లో ఓపెన్ చేస్తే, సర్వర్‌లో పేజీని తయారుచేసి పంపేది పీహెచ్‌పీ. దీనికి దాదాపు ప్రతి ఏడాది చివర్లో కొత్త వెర్షన్ వస్తుంది. వచ్చాక మొదటి రెండేళ్ళు తప్పులన్నీ సరిచేస్తారు. తర్వాత రెండేళ్ళు సెక్యూరిటీ లోపాలు మాత్రమే సరిచేస్తారు. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా ప్యాచ్ రాదు. 8.1కి ఆ గడువు 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. 8.2కి 2026 డిసెంబర్, 8.3కి 2027 డిసెంబర్, 8.4కి 2028 డిసెంబర్ ఆఖరు.

మీకు ఒక చిన్న పచ్చళ్ళ సైట్ ఉందనుకోండి. అందులో కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. గడువు అయిపోయిన వెర్షన్ మీద నడిపితే రిస్క్ మీ ఒక్కరిదే కాదు, వాళ్ళందరిదీ.

మరి వచ్చిన రోజే కొత్తదానికి మారిపోవాలా? అక్కర్లేదు. ప్లగిన్లు, థీమ్ దానికి సిద్ధంగా ఉండాలి కదా. ఉదాహరణకి 7.4 నుంచి 8.0కి వచ్చేసరికి క్రియేట్ ఫంక్షన్, ఈచ్ లాంటివి పూర్తిగా తీసేశారు. సున్నాని మామూలు అక్షరాలతో పోల్చే పద్ధతి కూడా మారింది. పాత ప్లగిన్‌లో అలాంటి కోడ్ ఉంటే కొన్నిసార్లు క్రిటికల్ ఎర్రర్ వస్తుంది. కొన్నిసార్లు ఏ ఎర్రరూ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

నేను పాటించే రూల్ ఇది: కొత్త వెర్షన్ వచ్చిన మొదటి కొన్ని నెలలు ఆగుతాను. నేను వాడే వెర్షన్ గడువుకి కనీసం ఆరు నెలల ముందే మారిపోతాను.

మీ వెర్షన్ ఏదో ఫోన్‌లోనే చూడొచ్చు. వర్డ్‌ప్రెస్ డాష్‌బోర్డ్‌లో టూల్స్, సైట్ హెల్త్, ఇన్ఫో, సర్వర్. అక్కడ ఉంటుంది.

మార్చేటప్పుడు ఈ వరుస ఫాలో అవ్వండి. ముందు ఫైల్స్, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీయండి. తర్వాత ప్లగిన్లు, థీమ్ అప్‌డేట్ చేయండి. ఏళ్ళ తరబడి అప్‌డేట్ లేని ప్లగిన్ ఉంటే వేరేది వెతుక్కోండి. ఆ తర్వాత స్టేజింగ్‌లో, అంటే సైట్ కాపీలో, కొత్త పీహెచ్‌పీ పెట్టి చూడండి. హోమ్ పేజీ ఓపెన్ అయితే సరిపోదు. లాగిన్ అవ్వండి, టెస్ట్ ఆర్డర్ పెట్టండి, టోటల్ సరిగ్గా వచ్చిందో లేదో చూడండి, ఎర్రర్ లాగ్ చదవండి.

అన్నీ ఓకే అయ్యాకే అసలు సైట్‌లో మార్చండి. అదీ ఆర్డర్లు తక్కువగా ఉండే టైమ్‌లో. ఆవకాయ సీజన్‌లో మాత్రం ముట్టుకోకండి!

ఒకవేళ ఏదైనా తేడా కొడితే కంగారుపడి బ్యాకప్ రీస్టోర్ చేసేయకండి. అలా చేస్తే మధ్యలో వచ్చిన ఆర్డర్లు పోతాయి. ముందు సీప్యానెల్‌లో పాత పీహెచ్‌పీ వెర్షన్‌కి తిరిగి మార్చండి. చాలాసార్లు దాంతోనే సైట్ మళ్ళీ లేస్తుంది. తర్వాత నిదానంగా ఏ ప్లగిన్ వల్ల వచ్చిందో చూసుకోవచ్చు.

ఇప్పుడే మీ సైట్ వెర్షన్ చూసి, గడువుకి ఆరు నెలల ముందు డేట్‌ని ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టేసుకోండి. మళ్ళీ ఇంకో వీడియోలో కలుద్దాం, బై!