మనశ్శాస్త్రము చదివినవారి త్రోవలు

జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మనశ్శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పినది 1879లో. విజయనగరపు మహారాజావారి పాఠశాల కళాశాల యైనదియు ఆ యేటనే. అయినను ఆ శాస్త్రమునకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ప్రత్యేకశాఖ యేర్పడుటకు ఎనుబదేండ్లకు పైగా పట్టినది. దానిని నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932–2021) తత్త్వశాస్త్రమునుండి వచ్చినవారు. అతీంద్రియ విషయములను సైతము పరిశోధింపజేసిరి. ఆ భాగమును శాస్త్రజ్ఞులు పెక్కురు అంగీకరింపలేదు.

శ్రీకాకుళపు బాలిక యొకతె ఇది చదువుదునన్నచో, "పిచ్చోళ్ల సదువేటమ్మా అది?" అని తండ్రి బెదరును. నిజముగ బెదరదగినది వేరొకటి కలదు: ఎం.ఏ. పట్టముతోనే రోగులకు చికిత్స చేయవచ్చునని నమ్ముట. మానసిక వైద్యుడు ఎం.బి.బి.ఎస్. చదివి మందులు వ్రాయును. చికిత్సా మనశ్శాస్త్రజ్ఞుడు మందు వ్రాయడు. పరీక్షలు, సంభాషణ ఆతని సాధనములు. ఆతడు సైతము భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, 1992 నాటి చట్టము ననుసరించి పేరు నమోదు చేయించుకొనవలయును. బోధన, పాఠశాలలలో సలహాదారు పని, కర్మాగారములలో ఉద్యోగుల యెంపిక వేరు త్రోవలు.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెన్నో కుటుంబములను క్రుంగదీసినది. 2023లో పలాసలో అందులకై ఆసుపత్రి వెలసినది. యంత్రము రక్తమును శుద్ధిచేయును. ఇంటిల్లిపాదిని పట్టిన దిగులును వారి యాసలోనే విని ధైర్యము చెప్పగల శిక్షితులు అచట కావలసియున్నారు.