అమ్మమ్మల సివిక్స్ క్లాసు

అమెరికా రాజ్యాంగానికి ఇప్పటిదాకా ఎన్ని సవరణలు జరిగాయి? 27. మరి మనదానికో? 2023 నాటికే 106. ఈ రెండూ జంటగా చెప్పానంటే మా ఖమ్మం వదినగారు ఇక మరిచిపోరు. ‘‘మనోళ్లకి దిద్దుబాట్లు జాస్తి’’ అని ఒక విసురు కూడా విసురుతారు. తెనాలి చుట్టుపక్కల హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన నాకు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా అబ్బాయి ఇంటి బేస్‌మెంటులో, శనివారం మధ్యాహ్నాలు ఇదే పని. వచ్చేది అయిదారుగురు. అందరూ అరవై దాటినవాళ్లే. నందిగామ వైపు మిర్చి పండించిన అన్నయ్యగారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసిన బాబాయిగారు, ఖమ్మం వదినగారు, ఇంకా ఒకరిద్దరు. పిల్లలు అమెరికా పౌరులయ్యాక తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టి తెచ్చుకున్న కుటుంబాలు. గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు నిండబోతుంటే సిటిజన్‌షిప్ మాట మొదలవుతుంది. నిండడానికి 90 రోజుల ముందు నుంచే ఎన్-400 అనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పరీక్ష అనేసరికి మనవాళ్లకు గైడూ, బట్టీ గుర్తొస్తాయి. కొత్త విధానంలో సివిక్స్ ప్రశ్నలు 128. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లందరికీ ఇవే. ఆఫీసరు 20 దాకా అడుగుతారు, 12 చెబితే పాసు. పన్నెండో సరైన జవాబు రాగానే ఆపేస్తారు, తొమ్మిదో తప్పు పడినా ఆపేస్తారు. అంతకుముందు పెట్టినవాళ్లకు పాత పద్ధతే: 100 ప్రశ్నల్లోంచి 10 అడుగుతారు, 6 చెప్పాలి. ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే అచ్చేసి ఇస్తుంది, దాపరికం లేదు. కాబట్టి మా వాళ్లు తెలుగు లిపిలో రాసుకుని, వంటింట్లో ఫ్రిజ్‌కి అంటించుకుని వల్లె వేస్తారు. వెయ్యనివ్వండి. కానీ జవాబు రాక తప్పినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ప్రశ్న అర్థంకాక తడబడ్డవాళ్లనే చూశాను. ఇది రాతపరీక్ష కాదు. ఒక గది, ఒక బల్ల, ఎదురుగా ఒక ఆఫీసరు, అంతా నోటి మాటే. ఒక్కొక్కరి యాస ఒక్కొక్క తీరు. కాబట్టి నా క్లాసులో సగం సేపు చెవికే శిక్షణ. మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టి, వాళ్ల బడి యాసలో గబగబా ప్రశ్నలడగమంటాను. అర్థం కాకపోతే ‘ప్లీజ్ రిపీట్’ అనడం తప్పు కాదని ఒకటికి పదిసార్లు చెబుతాను. మనవాళ్లకు అలా అడగడం నామోషీ. అందుకే తోచింది చెప్పేస్తారు.

సివిక్స్ విషయానికొస్తే, మన పౌరశాస్త్రం కాస్త గుర్తున్నవాళ్లకు సగం పని అయినట్టే. సెనేటర్ల పదవీకాలం ఆరేళ్లు, మన రాజ్యసభ లాగే. అక్కడా ఇక్కడా రెండేళ్లకోసారి మూడోవంతు మంది మారతారు. తేడా ఏమిటంటే, రాజ్యసభలో జనాభాను బట్టి రాష్ట్రానికిన్ని సీట్లు. సెనేట్‌లో మాత్రం చిన్నా పెద్దా లేకుండా రాష్ట్రానికి ఇద్దరే, మొత్తం వంద. ఇది చెప్పిన రోజు కండక్టరు బాబాయిగారికి కోపం వచ్చింది. ‘‘కాలిఫోర్నియాకీ ఇద్దరే, ఇన్నేసి జనం లేని వయోమింగ్‌కీ ఇద్దరేనా? ఇదేం లెక్క టీచరమ్మా?’’ అని. ఆ కోపంతోనే ఆయనకు ఆ జవాబు జీవితాంతం గుర్తుంటుంది. ప్రతినిధుల సభలో 435 మంది, పదవీకాలం రెండేళ్లు. జెండాలో చారలు 13, మొదటి రాష్ట్రాలు పదమూడు కాబట్టి. వాటిల్లో మా న్యూజెర్సీ కూడా ఒకటి, ఇక్కడివాళ్లకు అదొక వెసులుబాటు. మార్టిన్ లూథర్ కింగ్ ఏం చేశారన్న ప్రశ్నకు అన్నయ్యగారు ‘‘గాంధీగారి దారిలో నడిచారు’’ అంటారు. నిజమే, 1959లో ఆయన మన దేశానికి కూడా వచ్చి వెళ్లారు. కానీ ఆఫీసరుకు కావలసింది పౌరహక్కుల కోసం పోరాడారన్న మాట. రాష్ట్ర గవర్నరు, మన ప్రాంతపు ప్రతినిధి పేర్లు మాత్రం పాత నోట్సు చూసి నేర్చుకోకూడదు. ఎన్నికలైతే జవాబు మారిపోతుంది.

పెద్దవాళ్లకు ఇంగ్లీషు మినహాయింపు ఉంటుందట కదా అని ప్రతివాళ్లూ అడుగుతారు. ఉంది. దరఖాస్తు పెట్టేనాటికి 50 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో 20 ఏళ్లున్నవాళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లున్నవాళ్లు, దుబాసీని తెచ్చుకుని తెలుగులోనే సివిక్స్ చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లున్నవాళ్లకు ఇంకా తేలిక, 20 ప్రశ్నలే చదువుకుంటే చాలు. వాటిల్లో పది అడుగుతారు, ఆరు చెప్పాలి. వినడానికి బాగుంది గానీ మావాళ్లలో ఎవరికి పనికొస్తుంది? అరవైలో వచ్చి అరవై అయిదుకు దరఖాస్తు పెట్టేవాళ్లకు ఆ పదిహేనేళ్లు ఎక్కణ్ణించి తెచ్చేది? వయసుంది, సీనియారిటీ లేదు. చదవలేనంత, గుర్తుపెట్టుకోలేనంత జబ్బు ఉంటే డాక్టరు ఎన్-648 ఫారం నింపి ఇస్తారు. మిగిలినవాళ్లంతా ఇంగ్లీషు చదవాలి, రాయాలి, మాట్లాడాలి.

చదవడం, రాయడం పెద్ద కష్టమేం కాదు. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదివితే చాలు, చెప్పిన మూడింటిలో ఒకటి రాస్తే చాలు. వైట్ హౌస్‌లో ప్రెసిడెంటు ఉంటారు, ఆ మోస్తరు వాక్యాలు. చిన్న చిన్న స్పెల్లింగు తప్పులకు, అర్థం చెడనంతవరకు, ఫెయిలు చేయరు. పొడి అక్షరాలు మాత్రం రాయకూడదు. చిక్కల్లా రాసే పలకతోనే. ఇప్పుడు చాలాచోట్ల కాగితం బదులు టాబ్లెట్ ఇస్తున్నారు, దానిమీద ప్లాస్టిక్ పుల్లతో రాయాలి. అన్నయ్యగారి చెయ్యి గాజు మీద జారిపోయేది, ‘డబ్ల్యు’ కాస్తా తుమ్మెద కాళ్లలా అల్లుకుపోయేది. మనవడి ఐప్యాడ్ అడిగి తెచ్చుకుని, రోజూ భోజనాలయ్యాక అరగంట సాధన చేశారు. మణికట్టు గాజుకు ఆనిస్తే గీత పడుతుందన్న భయంతో చెయ్యి గాల్లో పెట్టి రాసేవారు, ఆనించమన్నాను. రెండు వారాల్లో కుదిరింది.

అసలు గండం ఇంకోటుంది. ఎన్-400 ఫారంలోని ప్రశ్నలన్నీ ఆఫీసరు మళ్లీ ఎదురుగా అడుగుతారు. మాట్లాడే పరీక్ష అదే. ఎప్పుడైనా అరెస్టయ్యారా, పన్ను ఎగ్గొట్టారా, ఒకేసారి ఒకరికంటే ఎక్కువమందితో పెళ్లి బంధంలో ఉన్నారా, ఎవర్నయినా హింసించారా, ఇలా వరుసగా వస్తాయి. అన్నిటికీ ‘నో, నో, నో’ అంటూ ఒక ఊపు వచ్చేస్తుంది. ఆ ఊపులో ఉండగానే ప్రశ్నలు దారి మారతాయి. రాజ్యాంగాన్ని సమర్థిస్తారా? చట్టం కోరితే దేశం కోసం ఆయుధం పట్టడానికి సిద్ధమా? మావాళ్లు అక్కడా ‘నో’ కొట్టేస్తారు. ఆయుధం అనగానే మోకాళ్ల నొప్పులు కూడా గుర్తొస్తాయి మరి. అందుకని క్లాసులో ఆ ప్రశ్నలను కావాలనే కలిపేసి అడుగుతాను. ఇంకోటి, తల. ఔననడానికి మనం తల భుజాల వైపు అటూ ఇటూ వంచుతాం. ఎదుటివాళ్లకు అది కాదన్నట్టు కనబడుతుంది. నా క్లాసులో తల కదిలితే మార్కు పోయినట్టే, జవాబు నోట్లోంచే రావాలి.

కమ్యూనిస్టు పార్టీలో ఎప్పుడైనా సభ్యులా అన్న ప్రశ్న చదివి ఖమ్మం వదినగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ‘‘మా నాయన సాయుధ పోరాటంలో దళంతో తిరిగిండు టీచరమ్మా, జైల్ల కూడా ఉన్నడు. ఏం చెప్పను?’’ అడిగేది మీ గురించి, మీ నాయన గురించి కాదన్నాను. ఓటేసినంత మాత్రాన, మీటింగులకు పోయినంత మాత్రాన సభ్యత్వం అయిపోదు. సభ్యత్వమే ఉంటే, దరఖాస్తుకు ముందరి పదేళ్లలో ఉన్నదే చట్టప్రకారం అడ్డు, దానికీ కొన్ని మినహాయింపులున్నాయి. కానీ ఫారం ‘ఎప్పుడైనా’ అని అడుగుతుంది కాబట్టి, ఉంటే ఉందనే చెప్పి, ముందుగా లాయరును కలవాలి. దాచి దొరికిపోవడం దానికంటే పెద్ద తంటా. వదినగారికి అలాంటిదేమీ లేదు. అయినా ‘నో’ అనేటప్పుడు ఆమెకు మనసొప్పదు. ‘‘కార్డు తీస్కుంటే బాగుండేది’’ అని ఒకసారి నవ్వుతూ అన్నారు.

ఈ పరీక్ష రాసే అర్హత కూడా మనవాళ్లకు ఊరికే రాలేదని మధ్యలో ఒకరోజు పాఠం చెప్పాను. పంజాబునుంచి వచ్చి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేసిన భగత్‌సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు తెల్లవాడివి కావు పొమ్మంది. అంతకుముందు వచ్చిన కొందరు భారతీయుల పౌరసత్వం కూడా ఊడబెరికారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ తలుపు తెరుచుకోలేదు. అదీ ఏడాదికి వందమందిని రానిచ్చే మేరకే. ఆ తలుపులోంచి 1949లో పౌరుడైన దలీప్‌సింగ్ సౌంద్ 1956లో ఏకంగా కాంగ్రెసుకు ఎన్నికయ్యారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో, లెడర్లీ ప్రయోగశాలలో అన్నేళ్లు పనిచేసి కూడా, అమెరికా పౌరుడు కాకుండానే 1948లో పోయారు.

ఇంత అవస్థ ఎందుకు పడతారంటే, పిల్లలు చెప్పే కారణాలు వేరు, పెద్దలవి వేరు. మా క్లాసులో చాలామంది సిటిజన్‌షిప్ తీసుకునేది మన ఊళ్లో ఎక్కువ రోజులు ఉండటానికి. వింటే వింతగా ఉంటుంది కానీ లెక్క సరైనదే. గ్రీన్ కార్డుతో ఉన్నవాళ్లు ఇక్కడే కాపురం ఉన్నట్టు చూపాలి. పౌరసత్వానికైతే అయిదేళ్లలో కనీసం 30 నెలలు ఈ గడ్డమీద ఉండాలి. ఒకేసారి ఆరు నెలలు దాటి బయట ఉంటే వరుస తెగిందనే అనుకుంటారు, తెగలేదని మనమే రుజువులు చూపాలి. ఏడాది నిండితే తెగినట్టే. దసరాకు వెళ్లి మామిడికాయల కాలం చూసుకుని వద్దామనుకునేవాళ్లకు ఇది గొంతులో ముల్లు. పౌరులైపోయి, భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు పుచ్చుకుంటే ఆ గొడవే లేదు, తెనాలిలో ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఆ పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ దినోత్సవంలోనే ప్రారంభించారు.

ఊరికే రాదు మరి. మన 1955 చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇక్కడ చెయ్యెత్తి ప్రమాణం చేసిన క్షణం అక్కడ పౌరసత్వం పోతుంది, ఎవరూ అడగక్కర్లేదు. ఆ తర్వాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం నేరం. కాన్సులేట్‌కు అప్పగిస్తే రద్దు ముద్ర కొట్టి, వదులుకున్నట్టు సర్టిఫికెట్టు ఇస్తారు. ఉన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా రావచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. ఓటు ఉండదు.

ఆ చివరి మాట దగ్గర నేను చాలా రోజులు ఆగాను. టీచర్లకు ఎన్నికల డ్యూటీ ఎలా ఉంటుందో తెలిసిందే. ముందురోజు లారీలో మిషన్లు మోసుకెళ్లి, బడి అరుగుమీద దోమల్లో పడుకుని, తెల్లారకముందే ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరిపి, ముసలివాళ్ల వేళ్లమీద సిరా రాసి, రాత్రి ఎప్పుడో సీలు వేసి రసీదు తీసుకుంటే గానీ ఇల్లు చేరేది లేదు. నాకు ఆ పనంటే ఇష్టం. చివరికి దరఖాస్తు పెట్టాను, పాసయ్యాను, ఇప్పుడు న్యూజెర్సీ ఓటరును. ఇక్కడ వేలికి సిరా రాయరు, చిన్న స్టిక్కరు చేతిలో పెడతారు. నాకది చాలలేదు.

మావారు మాత్రం ససేమిరా అన్నారు. కాలవగట్టు పక్కన అరెకరం అమ్మకానికి వస్తుందని ఆయనకు ఏళ్లుగా ఆశ. ఓటు కూడా వదలనంటారు. 128 ప్రశ్నలకూ జవాబులు ఆయనకు నాకంటే బాగా వచ్చు, క్లాసు జరుగుతుంటే మెట్లమీద నిలబడి అందిస్తుంటారు కూడా. పోయిన దసరాకు ఇద్దరం కలిసే తెనాలి వెళ్లాం. ఆరు నెలలు నిండకముందే, మార్చిలో, భారత పౌరుడైన ఆయన గ్రీన్ కార్డు నిలబెట్టుకోవడానికి ఎడిసన్ పరిగెత్తారు. అమెరికా పౌరురాలినైన నేను ఆవకాయ పెట్టించి, రెండు జాడీలు ఎండబెట్టి మూతలు కట్టి, జూన్‌లో తీరుబడిగా బయల్దేరాను.