చర్మం వదులయిందా? చీటీ పాడే ముందు ఇది చదవండి

నలభై దాటిన ఆడవాళ్లం నలుగురం ఒకచోట చేరితే మోకాళ్ల నొప్పుల తర్వాత వచ్చే మాట ఇదే. మెడ కింద ఎలా జారిపోయిందో చూడమని ఒకరు, చేతులెత్తితే జబ్బల కింద సంచుల్లా ఊగుతున్నాయని ఇంకొకరు. ఒకప్పుడైతే అనుకుని, నవ్వుకుని ఊరుకునేవాళ్లం. ఇప్పుడలా కాదు. కోత లేదు, కుట్టు లేదు, గంటలో ఇంటికెళ్లిపోవచ్చంటూ వీధికో స్కిన్ క్లినిక్ బోర్డు కనబడుతోంది. పార్లర్లలో కూడా మెషిన్లు పెట్టేశారు. అమ్మాయి పెళ్లి రెండు నెలల్లో ఉందనగా చీటీ పాడి మరీ ప్యాకేజీలకి డబ్బు కట్టేవాళ్లున్నారు. పెట్టుకోవడం, మానడం ఎవరిష్టం వాళ్లది. కానీ దేనికి పెడుతున్నామో, అది ఎంతవరకు పనిచేస్తుందో తెలిసి పెట్టాలి కదా!

ముందు అసలు సంగతి. మనకి పైకి కనిపించే చర్మం చాలా పల్చటి పొర. దాని కింద ఇంకో మందమైన పొర ఉంటుంది. అందులో కొలాజెన్, ఎలాస్టిన్ అని రెండు రకాల పోగులుంటాయి. కొలాజెన్ మంచానికి నులక లాంటిది, ఎలాస్టిన్ లాగి వదిలితే వెనక్కి వచ్చే రబ్బరు లాంటిది. కొత్త మంచం మీద పడుకుంటే బిగువుగా ఉంటుంది, పాతబడితే నడుం దగ్గర గుంట పడుతుంది. అలాంటిదే ఇదీ. ఇరవైల్లోంచే కొలాజెన్ ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. నెలసరి ఆగిపోయాక మొదటి అయిదేళ్లలోనే సుమారు 30 శాతం పోతుందని డాక్టర్లు చెబుతారు. నిన్నమొన్నటిదాకా బాగానే ఉన్న మొహం యాభై దాటేసరికి ఒక్కసారిగా జారినట్టు అనిపించేది అందుకే.

వయసుని ఎవరూ ఆపలేరు గానీ ఎండని ఆపొచ్చు. 2012లో అమెరికాలోని ఒక పెద్ద వైద్య పత్రికలో ఒక డ్రైవరు ఫొటో వేశారు. ఆయనకి 69 ఏళ్లు, 28 ఏళ్ల పాటు సరుకుల లారీ నడిపాడు. అక్కడ స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది కాబట్టి ఎడమ చెంపకి రోజూ కిటికీలోంచి ఎండ తగిలేది. ఆ చెంప లోతుగా ముడతలు పడి వేలాడుతుంటే, కుడి చెంప వేరే మనిషిదేమో అన్నట్టుంది. మన శరీరం మీద పడే ఎండలో చర్మం లోపలి పోగుల్ని పాడుచేసే కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి. బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడేవాళ్లు ఆలోచించుకోవాలి మరి! పొగ కూడా ఈ పోగుల్ని తినేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి నోటి క్యాన్సరు భయం ముందు, చర్మం సంగతి తర్వాత.

గిల్లి చూసుకోండి

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పని చెయ్యండి. ఎక్కడ వదులుగా ఉందనిపిస్తుందో అక్కడ రెండు వేళ్లతో పట్టుకోండి. పల్చగా, ఖాళీ సంచిలా వస్తే అది వట్టి చర్మం. దళసరిగా, మెత్తగా చేతినిండా వస్తే అది కొవ్వు. కొవ్వుకి చర్మం బిగించే మెషిన్ పెట్టించుకుంటే డబ్బు దండగ. గెడ్డం కింద రెండో గెడ్డం వచ్చిన వాళ్లలో చాలామందిది కొవ్వే.

పొట్ట విషయంలో మూడోది కూడా ఉంది. కాన్పులయ్యాక పొట్ట తగ్గలేదని బాధపడే వాళ్లు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, తల కాస్త పైకెత్తి, బొడ్డుకి పైన నడిమధ్య వేళ్లు అడ్డంగా పెట్టి చూసుకోండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలితే పొట్ట కండరాలు రెండు పక్కలకీ విడిపోయి ఉన్నాయన్నమాట. దానికి క్రీములూ మెషిన్లూ కాదు, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకునే వ్యాయామం కావాలి. అదీ జిమ్ములో చేయించే మామూలు సిటప్స్ కాదు, తెలియక చేస్తే ఆ పొట్ట ఇంకా ముందుకొస్తుంది. బాలింతకి పాత చీరతో పొట్ట కట్టడం మన పెద్దవాళ్ల అలవాటు. నడుముకి ఆసరాగా హాయిగా ఉంటుంది గానీ సాగిన చర్మాన్ని బిగించే శక్తి ఆ చీరకి లేదు.

వంటింటి చిట్కాల సంగతి కూడా చెప్పుకుందాం. కోడిగుడ్డు తెల్లసొన రాసుకుంటే మొహం బిగుసుకున్నట్టు ఉంటుంది, నిజమే. అది ఆరి పల్చటి పొరలా పట్టి లాగుతుంది, కడిగేస్తే పోతుంది. ముల్తానీ మట్టీ అంతే. నువ్వుల నూనెతో ఒళ్లు మర్దనా చేసి నలుగు పెట్టుకుంటే చర్మం మెత్తబడుతుంది, పొడి బారడం తగ్గుతుంది, దాంతో సన్నటి గీతలు కనబడకుండా పోతాయి. పండగపూట మానక్కర్లేదు. నులక దాకా మాత్రం ఏదీ చేరదు. పసుపూ, నిమ్మరసం కలిపి పట్టించి ఎండలోకి వెళ్లడం మాత్రం వద్దు, నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి.

క్రీముల్లో రెండే

దుకాణంలో వందరకాలున్నా, బాగా పరీక్షలకి నిలబడినవి రెండే అని చెప్పొచ్చు. ఒకటి సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబర్ అనే ఊళ్లో 55 ఏళ్లలోపు వాళ్లు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో ఫలితం చెప్పారు. రోజూ క్రమం తప్పకుండా రాసుకున్న వాళ్లలో చర్మం ముసలితనం ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్న వాళ్ల కంటే 24 శాతం తక్కువగా కనబడింది. ఎస్.పి.ఎఫ్. 30 ఉండి, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసున్నది చాలు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. మనమేమో పెసరగింజంత తీసుకుని మొహమంతా పులుముతాం! ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మెడ వెనకాల, జాకెట్టు పైభాగం, ముంజేతులు మర్చిపోకండి.

రెండోది ట్రెటినాయిన్. ఇది విటమిన్ ఎ నుంచి వచ్చిన మందు, లోపల కొలాజెన్ మళ్లీ తయారయ్యేలా చేస్తుంది. డాక్టరు రాసిస్తేనే వాడాలి. రాత్రిపూట, శనగగింజంత మొహమంతటికీ, మొదట్లో వారానికి రెండు మూడు రోజులు మాత్రమే. ఎర్రబడుతుంది, పొట్టు లేస్తుంది, భయపడకుండా నెమ్మదిగా పెంచాలి. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. గర్భిణులూ, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లూ వాడకూడదు. ఒక జాగ్రత్త చెప్పాలి. మందుల షాపులో నోటిమాటగా అడిగితే మంగుకి వాడే ట్యూబు చేతిలో పెడతారు. దాంట్లో ట్రెటినాయిన్‌తో పాటు హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. నెలల తరబడి వాడితే ఆ స్టెరాయిడ్ చర్మాన్ని ఉల్లిపొరలా పల్చబరుస్తుంది. బిగువు కోసం వెళ్లి ఉన్న బిగువు పోగొట్టుకోవడమే. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో రాసినవి పిల్లల చేతయినా చదివించుకోండి.

మెషిన్లు ఎలా పనిచేస్తాయి?

పేర్లు ఎన్ని చెప్పినా సూత్రం ఒకటే, లోపలి పొరని వేడి చెయ్యడం. 60, 65 డిగ్రీల వేడి తగిలితే కొలాజెన్ పోగులు ముడుచుకుంటాయి. ఆ చిన్న దెబ్బని మాన్చుకోవడానికి శరీరం కొత్త కొలాజెన్ పుట్టిస్తుంది. అందుకే ఆ రోజు కనబడే బిగువులో కొంత వట్టి వాపే. అసలు ఫలితం రెండు మూడు నెలలకి తెలుస్తుంది. పెళ్లికి పది రోజుల ముందు చేయించుకోవడంలో అర్థం లేదు.

రేడియో ఫ్రీక్వెన్సీ అనేది విద్యుత్ తరంగాలతో వేడి పుట్టించేది. అమెరికాలో కళ్ల చుట్టూ ముడతలకి దీన్ని 2002లో అనుమతించారు. అల్ట్రాసౌండ్ మెషిన్, మనవాళ్లు హైఫూ అంటారు, భూతద్దంతో ఎండని ఒకచోట పడేసినట్టు శబ్ద తరంగాల్ని చర్మం కింద ఒకటిన్నర, మూడు, నాలుగున్నర మిల్లీమీటర్ల లోతులో కేంద్రీకరిస్తుంది. కనుబొమ్మలు కాస్త పైకి లేవడానికి 2009లో అక్కడ ఒప్పుకున్నారు, మెడకి తర్వాత. ఇది నొప్పిగానే ఉంటుంది, ముఖ్యంగా దవడ ఎముక మీద. లేజర్లు పైపొర ముడతలకి బాగా పనిచేస్తాయి గానీ మన చామనఛాయ ఒంటికి దెబ్బ తగిలితే నల్ల మచ్చ పడే గుణం ఎక్కువ. మంగు ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. రేడియో ఫ్రీక్వెన్సీకి, అల్ట్రాసౌండ్‌కి రంగుతో అంత పేచీ లేదు. సన్నటి సూదులు గుచ్చి వాటి కొసల్లోంచి వేడి పంపే పద్ధతి ఇప్పుడు అందరి నోటా వినబడుతోంది. దానివల్ల కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగి గుంటలు, నరాలు దెబ్బతినడం వంటివి తమ దృష్టికి వచ్చాయని 2025 అక్టోబరులో అమెరికా ఎఫ్.డి.ఎ. హెచ్చరిక జారీ చేసింది. అంటే అందరికీ అలా అవుతుందని కాదు, పార్లర్లో చేయించుకునే పని కాదని అర్థం.

ఇంత చేసినా ఫలితం ఎంత? లేతగా జారడం మొదలైన వాళ్లకి కొద్దిగా తేడా. అదీ ఏడాది, ఏడాదిన్నర. ఆ తర్వాత మళ్లీ చేయించుకోవాలి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ, గర్భిణులూ వీటి జోలికి వెళ్లకూడదు. అందం కోసం చేసే చికిత్సలకి ఆరోగ్య బీమా డబ్బివ్వదన్నది కూడా గుర్తుంచుకోండి.

మా పెద్ద ఆడపడుచు సంగతి చెబుతాను. షుగరు వచ్చిందని పట్టుదలగా రెండేళ్లలో ఇరవై ఆరు కిలోలు తగ్గింది. షుగరు అదుపులోకి వచ్చింది, జబ్బలు మాత్రం వేలాడాయి. ఒక క్లినిక్ వాళ్లు ఆరు సిట్టింగులకి లెక్కగట్టి, ఈరోజే కడితే పదిహేను శాతం తగ్గిస్తామన్నారు. గాజులు తాకట్టు పెడదామనుకుంది. "వదినా, ఇంకో డాక్టరుకి చూపించి అప్పుడు పెడుదువుగాని" అని పట్టుబట్టి వేరే చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చర్మం పట్టుకుని చూసి, "ఇంత మిగిలిపోయిన చర్మం ఏ మెషిన్‌కీ బిగవదమ్మా. తీసెయ్యాలంటే ఆపరేషనే, జబ్బ పొడవునా కుట్ల మచ్చ ఉంటుంది. లేదంటే ఇలాగే ఉంచుకోండి" అన్నాడు. వదిన బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే అమ్మాయ్, గాజులు చేతికే ఉన్నాయి" అంది. ఇప్పుడు మోచేతుల దాకా జాకెట్లు కుట్టించుకుంటోంది, రోజూ నీళ్ల సీసాలు పట్టుకుని చేతులకి వ్యాయామం చేస్తోంది. కండ పెరిగిన మేరకి కాస్త నిండుగా కనబడుతున్నాయి. 2025లో మన దేశంలోకి బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి కదా, వాటితో తొందరగా తగ్గేవాళ్లకీ ఈ బాధ వస్తోంది. వారానికి అరకిలో, కిలో చొప్పున తగ్గుతూ, పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి తగ్గించకుండా తింటూ, కండకి పని చెబుతూ ఉంటే కొంత నయం.

కొలాజెన్ పొడులు పాలల్లో కలుపుకు తాగేవాళ్లు కూడా పెరిగారు. అవి చేపల చర్మం, పశువుల తోళ్ల నుంచి తీసినవి. శాకాహారులు డబ్బా వెనక చూసుకోవాలి. కడుపులో పడ్డాక ఏ ప్రోటీన్ అయినా ముక్కలైపోవాల్సిందే, నేరుగా చెంపలోకి వెళ్లి కూర్చోదు. బాగుందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి గానీ, కంపెనీల డబ్బు లేకుండా జరిగిన వాటిని విడిగా చూస్తే లాభం కనబడలేదని 2025లో ఒక సమీక్ష చెప్పింది. కొలాజెన్ తయారీకి శరీరానికి విటమిన్ సి కావాలి, అది మనకి ఉసిరికాయలో, జామకాయలో దొరుకుతుంది.

ఇక చేయించుకోవాలని గట్టిగా అనుకున్నవాళ్లు బోర్డు మీద డాక్టరు పేరు పక్కన ఏం రాసుందో చూడండి. ఎం.బి.బి.ఎస్. తర్వాత ఎం.డి. డి.వి.ఎల్. గానీ, డి.డి.వి.ఎల్. గానీ, డి.ఎన్.బి. డెర్మటాలజీ గానీ ఉండాలి. కాస్మెటాలజిస్టు అన్న మాట ఒక్కటే ఉంటే చాలదు. అనుమానమొస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో చూసుకోవచ్చు. మెషిన్ పట్టుకునేది డాక్టరా, నిన్న చేరిన అమ్మాయా అని మొహమాటపడకుండా అడగండి. వాళ్లు చూపించే ముందూ తర్వాత ఫొటోల్లో వెలుతురు, గెడ్డం వంపు ఒకేలా ఉన్నాయో లేదో గమనించండి, గెడ్డం ఎత్తి ఫొటో తీస్తే ఎవరి మెడైనా బిగువుగానే ఉంటుంది. ఆరు సిట్టింగులకీ ఒకేసారి కట్టకుండా, ఒక్కదానికి కట్టి మూడు నెలలు చూస్తానని చెప్పండి. క్లినిక్ ఖర్చుకి భయపడేవాళ్లు ఉస్మానియా, విశాఖ కె.జి.హెచ్. లాంటి పెద్దాస్పత్రుల్లో చర్మ విభాగం ఓ.పి.కి వెళ్లి, మీకు క్రీముతో సరిపోతుందా లేదా అన్నది ముందు తేల్చుకోవచ్చు. పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడాలి, అంతే.