‘ఎగ్జిక్యూట్’: కర్మను బట్టి మారే క్రియ

ఇంగ్లిష్‌లో ‘ఎగ్జిక్యూట్’ అనే క్రియకు అర్థం దాని కర్మను బట్టి తేలుతుంది. కర్మ దస్తావేజు అయితే రాసివ్వడం, డిక్రీ అయితే అమలు జరపడం, పని అయితే చేసి ముగించడం, మనిషి అయితే ప్రాణం తీయడం. చివరిదాకా వెంబడించడం అనే అర్థమున్న లాటిన్ మాటకు ఇది వారసురాలు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అనుకున్నదాన్ని కడతేర్చడం అన్న భావం దాని వాడుకలన్నింటిలోనూ ఉంది.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో తెలుగువారికి ఈ మాట ముఖ్యంగా భూమి కాగితాల్లో తగులుతుంది. జిల్లాలోని రాజురా తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో నాందేడ్‌కు, 1959లో చంద్రపూర్‌కు మారింది. ఇలాంటి సరిహద్దు ఊళ్లలో ఇంటి భాష తెలుగైనా దస్తావేజు మరాఠీలో ఉంటుంది. చట్టం మాటలు ఇంగ్లిష్ నుంచి వస్తాయి.

అక్కడి మరాఠీ ఖరేదీఖత్‌లో అమ్మేవారి పేరు పక్కన ‘లిహూన్ దేణార్’ అని, కొనేవారి పేరు పక్కన ‘లిహూన్ ఘేణార్’ అని ఉంటుంది. తెలుగు క్రయ దస్తావేజులో వీళ్లే ‘వ్రాసి ఇచ్చినవారు’, ‘వ్రాయించుకున్నవారు’. ఇంగ్లిష్‌లో రాసిచ్చిన వ్యక్తి ‘ఎగ్జిక్యూటెంట్’. దస్తావేజు లేఖరి పాఠమంతా రాసినా అతను ఎగ్జిక్యూటెంట్ కాడు. కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి దానికి కట్టుబడినవారే ఎగ్జిక్యూటెంట్. 1899 నాటి భారత స్టాంపుల చట్టం పత్రాల విషయంలో ‘ఎగ్జిక్యూటెడ్’ అంటే సంతకమైనది అని సూటిగా నిర్వచించింది.

కాబట్టి ‘ద సేల్ డీడ్ వాజ్ ఎగ్జిక్యూటెడ్’ అని ఉంటే రిజిస్ట్రేషన్ అయిపోయిందని అర్థం చేసుకోకూడదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది. దస్తావేజును ఎగ్జిక్యూట్ చేసిన తేదీ నుంచి నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. జనవరి 10న సంతకం చేస్తే గడువు ఆ తేదీ నుంచే నడుస్తుంది. దాఖలు చేశాక, రాసిచ్చింది నిజంగా ఆ వ్యక్తేనా అని సబ్‌రిజిస్ట్రార్ విచారిస్తారు. ఆ వ్యక్తి ఒప్పుకోవడాన్నే ‘ఎగ్జిక్యూషన్ అడ్మిట్’ చేయడం అంటారు. వీలునామాకు మాత్రం నాలుగు నెలల గడువు లేదు.

వీలునామా దగ్గర ఈ క్రియ రెండుసార్లు, రెండు అర్థాలతో వస్తుంది. ఆస్తిపరుడు బతికుండగా కనీసం ఇద్దరు సాక్షులతో వీలునామా రాసి సంతకం చేయడం ఒక ఎగ్జిక్యూషన్. అతను పోయాక అందులోని కోరికలు నెరవేర్చడం మరొకటి. ఆస్తిపరుడు ఆ బాధ్యతను ఎవరికి అప్పగిస్తే ఆ వ్యక్తిని 1925 నాటి భారత వారసత్వ చట్టం ‘ఎగ్జిక్యూటర్’ అంటుంది. ఈ మాటను ‘ఎగ్జిక్యూషనర్’తో కలిపేస్తే పెద్ద పొరపాటే, ఎందుకంటే ఆ రెండోవాడు తలారి.

ఒప్పందాల దగ్గర మరో చిక్కుంది. ‘ఎగ్జిక్యూటెడ్ అగ్రిమెంట్’ అని ఆఫీసు ఉత్తరంలో ఉంటే సంతకాలైన ఒప్పందమని అర్థం. ఒప్పందాల చట్టాన్ని బోధించే పాఠ్యపుస్తకంలో ‘ఎగ్జిక్యూటెడ్ కాంట్రాక్ట్’ అంటే మాత్రం ఇరుపక్షాలూ తమ వంతు పని పూర్తి చేసిన ఒప్పందం. చేయాల్సింది ఇంకా మిగిలి ఉంటే అది ‘ఎగ్జిక్యూటరీ’. సంతకం గురించా, పని గురించా అన్నది ముందువెనకల వాక్యాలు చూసి తేల్చుకోవాలి.

కోర్టులో ఈ క్రియకు కర్మ డిక్రీ. కోర్టుకెళ్లి ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడన్న నానుడి ఇక్కడ పనికొస్తుంది. బాకీ దావాలో తీర్పు అనుకూలంగా వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. ఓడినవాడు కట్టకపోతే గెలిచినవాడు ‘ఎగ్జిక్యూషన్ పిటిషన్’ వేయాలి. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో దీన్ని ‘ఈపీ’ అంటారు. ఆస్తి జప్తు, వేలం వంటివి ఈ దశలోనే జరుగుతాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 21వ ఆర్డర్ అంతా దీని గురించే. 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణ డిక్రీల అమలుకు 12 ఏళ్ల గడువిచ్చింది. వారెంట్‌ను పోలీసులు అమలు చేసినా ఇంగ్లిష్‌లో ఇదే క్రియ.

శిక్ష విషయంలోనూ మొదట అమలయ్యేది తీర్పే. మరణశిక్షను అమలు చేయడం అన్న వాడుకలోంచి, మనిషినే నేరుగా కర్మగా చేసే వాడుక స్థిరపడింది. 1858 అక్టోబర్ 21న అప్పటి చాందా, అంటే నేటి చంద్రపూర్‌లో, తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు బాబూరావ్ సేడ్మాకేను బ్రిటిష్ పాలకులు ఉరితీశారు. ఇంగ్లిష్ చరిత్ర రచనలో దీన్ని ‘హీ వాజ్ ఎగ్జిక్యూటెడ్’ అని చెప్పవచ్చు. యుద్ధంలోనో ప్రమాదంలోనో చనిపోయినవారికి ఈ మాట వాడరు. పట్టుబడిన మనిషిని శిక్షగా, కావాలని చంపినప్పుడే వాడతారు.

అందుకే పనుల గురించి రాసేటప్పుడు కర్మ జారిపోకూడదు. ‘ద రోడ్ వర్క్ వాజ్ ఎగ్జిక్యూటెడ్ బై ద కాంట్రాక్టర్’ అంటే రోడ్డు పని పూర్తయిందని. ‘ద కాంట్రాక్టర్ వాజ్ ఎగ్జిక్యూటెడ్’ అంటే అతన్ని చంపేశారని. పనులు జరిపించే ‘ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్’ హోదాలో ఉన్నది పని అర్థమే. కంప్యూటర్ ఒక్కో ఆదేశాన్ని తీసుకుని నెరవేర్చడాన్నీ ఎగ్జిక్యూట్ అనే అంటారు. ‘డాట్ ఈఎక్స్‌ఈ’ ఫైళ్లకు ఆ పేరు అలాగే వచ్చింది.

ఉచ్చారణలో ఒత్తు మారుతుంది. క్రియలో మొదటి అక్షరం మీద పడి ‘ఎక్సిక్యూట్’లా వినిపిస్తుంది. ‘ఇగ్జెక్యుటివ్’, ‘ఇగ్జెక్యుటర్’ మాటల్లో రెండో అక్షరం మీద పడుతుంది.

ఇది లాంఛనమైన మాట కాబట్టి రోజువారీ పనులకు నప్పదు. హోంవర్క్‌కు, వంటకు ‘డూ’, ‘ఫినిష్’, ‘కుక్’ చాలు. ప్రభుత్వ విధానానికి ‘ఇంప్లిమెంట్’ బాగుంటుంది. ఆదేశం, డిక్రీ, దస్తావేజు, ప్రణాళిక, క్లిష్టమైన నృత్యభంగిమ, ఇలా నిర్ణీత పద్ధతిలో కడదాకా జరగాల్సినవాటికి ‘ఎగ్జిక్యూట్’ సరైన క్రియ.