యమహా ఆర్‌డీ మోటార్‌సైకిళ్ల పరిణామం

జపాన్‌కు చెందిన యమహా సంస్థ 1973లో మొదలుపెట్టిన ఆర్‌డీ శ్రేణి మోటార్‌సైకిళ్లు పదేళ్లలో ఎలా మారుతూ వచ్చాయో ఈ భాగంలో తెలుసుకుందాం. వీటిని మోడళ్ల జాబితాగా బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఆ మార్పుల్లో ముఖ్యమైనవి టూ స్ట్రోక్ ఇంజన్‌కు పుట్టుకతో వచ్చిన ఒక లోపాన్ని సరిదిద్దడానికి చేసినవే. కాబట్టి ముందు ఆ లోపాన్ని అర్థం చేసుకోవాలి.

టూ స్ట్రోక్ ఇంజన్: బలం, లోపం

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వేర్వేరు వాల్వులు ఉంటాయి. సాధారణ టూ స్ట్రోక్‌లో అవి ఉండవు. సిలిండర్ గోడకు పోర్టులు అనే రంధ్రాలుంటాయి. పైకీ కిందికీ కదిలే పిస్టనే వాటికి తలుపు. అందువల్ల విడిభాగాలు తక్కువ, బరువు తక్కువ. పైగా ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి దహనం జరుగుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ జరుగుతుంది. చిన్న ఇంజన్ నుంచి అంత శక్తి రావడానికి కారణం ఇదే.

చిక్కంతా ఆ తలుపు దగ్గరే ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు పొగ పోయే పోర్టు, కొత్త మిశ్రమం వచ్చే పోర్టు రెండూ కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. లోపలికి వచ్చే మిశ్రమమే పొగను బయటికి నెట్టాలి. ఆ క్రమంలో కొంత మిశ్రమం కాలకుండానే సైలెన్సర్‌లోకి వెళ్లిపోతుంది. కార్బ్యురేటర్ వైపు కూడా ఇలాంటి నష్టమే ఉంది. అక్కడి పోర్టు పూర్తిగా మూసుకునేలోపే పిస్టన్ దిగడం మొదలుపెడుతుంది గనుక, క్రాంక్ కేస్‌లోకి వచ్చిన మిశ్రమం వచ్చిన దారినే వెనక్కి తంతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ బెడద ఎక్కువ.

ఆర్‌డీ 350: గాలి వెనక్కి పోకుండా

ఆర్‌డీ శూన్యంలోంచి పుట్టలేదు. యమహా 1959లోనే వైడీఎస్-1 అనే 250 సీసీ, రెండు సిలిండర్ల బండిని తెచ్చింది. 1964లో వచ్చిన ఆటోల్యూబ్ పంపుతో పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయించుకునే అవసరం తీరింది. 1970 నాటి ఆర్5 మోడల్‌లో 347 సీసీ ఇంజన్ వచ్చింది. 1973లో అదే పరిమాణంతో వచ్చిన ఆర్‌డీ 350లో కొత్తదనం రీడ్ వాల్వ్.

చేతిపంపు లోపల ఉండే తోలు వాల్వును మీరు చూసే ఉంటారు. నీటిని పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. రీడ్ వాల్వ్ చేసే పని కూడా అదే. కార్బ్యురేటర్‌కు, సిలిండర్‌కు మధ్య పలుచని లోహపు రేకులు అమర్చారు. లోపల పీల్పు ఉన్నప్పుడు అవి వంగి దారి ఇస్తాయి. ఎదురు ఒత్తిడి రాగానే మూసుకుంటాయి. దీంతో మిశ్రమం వెనక్కి తన్నడం ఆగింది. నెమ్మదిగా పోయేటప్పుడు కూడా ఇంజన్‌కు లాగే శక్తి వచ్చింది. సిలిండర్ వ్యాసం 64 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 54 మిల్లీమీటర్లు, గేర్లు ఆరు.

1976లో వచ్చిన ఆర్‌డీ 400లో సిలిండర్ వ్యాసం మార్చకుండా పిస్టన్ కదిలే దూరాన్ని 62 మిల్లీమీటర్లకు పెంచారు. అంతకుమించి ఇక్కడ చెప్పుకోవలసింది తక్కువ.

నీటి చల్లదనం, ఆ తరువాత పవర్ వాల్వ్

ఈలోగా అమెరికాలో 1978 మోడళ్ల నుంచి మోటార్‌సైకిళ్ల పొగపై పరిమితులు అమల్లోకి వచ్చాయి. అంతవరకు బండి విలువను వేగంతో కొలిచేవారు. ఇప్పుడు కాలకుండా బయటికి పోయే పెట్రోలును కూడా కొలవడం మొదలైంది. అక్కడ ఆర్‌డీ 400 అమ్మకం 1979 మోడల్‌తో ముగిసింది.

యూరప్ మార్కెట్ కోసం 1980లో ఆర్‌డీ 350 ఎల్‌సీ వచ్చింది. గాలికి బదులు రేడియేటర్ ద్వారా ఇంజన్‌ను చల్లబరిచారు. వేడి అదుపులో ఉండటం వల్ల ఎంతసేపు నడిపినా శక్తి నిలకడగా ఉంటుంది. దీనికి 250 సీసీ తమ్ముడు కూడా ఉండేది. బ్రిటన్‌లో డ్రైవింగ్ నేర్చుకునేవారు 250 సీసీ వరకు నడపవచ్చన్న నిబంధన వల్ల కుర్రకారు దానికోసం ఎగబడ్డారు. 1983లో ఆ హద్దును 125 సీసీకి తగ్గించారు. దాంతో ఆ బండికి గిరాకీ ఇచ్చిన కారణమే లేకుండా పోయింది.

అభిమానులు ఎక్కువగా తలచుకునేది 1973 మోడల్‌నే. ఇంజనీరింగ్ దృష్టితో మాత్రం 1983 నాటి ఆర్‌డీ 350 వైపీవీఎస్‌దే పైచేయి అనాలి. పొగ పోయే పోర్టు పై అంచు ఎత్తుగా ఉంటే ఎక్కువ వేగంలో శక్తి వస్తుంది; తక్కువ ఎత్తులో ఉంటే నెమ్మదిగా పోయేటప్పుడు మేలు. మామూలు టూ స్ట్రోక్‌లో ఈ రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి. వైపీవీఎస్‌లో ఆ అంచు దగ్గర ఒక వాల్వును అమర్చారు. ఇంజన్ వేగాన్ని బట్టి చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది. అంటే పోర్టు ఎత్తు బండి నడుస్తుండగానే మారుతుంది. రేసు బండ్ల మీద ముందుగా పరీక్షించిన విధానం ఇది. అమెరికాకు పంపిన ఇదే శ్రేణి బండి సైలెన్సర్లలో, మిగిలిపోయిన ఇంధనాన్ని శుద్ధిచేయడానికి కేటలిటిక్ కన్వర్టర్లు పెట్టవలసి వచ్చింది. పోర్టును ఎంత చక్కగా అదుపు చేసినా రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవడం మాత్రం తప్పలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

భారతదేశంలో

అదే 1983లో ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్ 350ని మన దేశంలో విడుదల చేసింది. కానీ అది పదేళ్ల కిందటి, గాలితో చల్లబడే ఆర్‌డీ 350కి భారతీయ రూపం. ముందు చక్రానికి డిస్క్ బదులు డ్రమ్ బ్రేక్ పెట్టారు. మైలేజీ కోసం శక్తి తగ్గించిన రకం కూడా తరువాత వచ్చింది. అయినా "బండి లీటరుకు ఎంత ఇస్తుంది?" అని మొదట అడిగే కొనుగోలుదారుల మధ్య అది నిలదొక్కుకోలేకపోయింది. రీడ్ వాల్వ్, ఆటోల్యూబ్ మన ఊళ్ల దాకా చేరింది 1985లో వచ్చిన 98 సీసీ ఆర్ఎక్స్ 100 ద్వారా. మన దేశంలో 1991లో వచ్చిన వాహన కాలుష్య పరిమితులు 1996లో మరింత కఠినమయ్యాయి. ఆర్ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది ఆ ఏడాదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రీడ్ వాల్వ్, పవర్ వాల్వ్‌లలో ఏది మిశ్రమం కార్బ్యురేటర్ వైపు వెనక్కి పోకుండా ఆపుతుంది? రెండోది చేసే పనిని బొమ్మ గీసి వివరించండి.